రొమ్ముల పరిమాణం పెంచుతామనే మూలికా మాత్రలు: అమీర్‌పేట పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: నా వయసు 23. మాది సూర్యాపేట. మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తూ అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో ఉంటున్నాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు. రెండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. నా రొమ్ములు మొదటి నుంచీ చిన్నవే. ఆ మధ్య పెళ్లిచూపులకు వచ్చినవారిలో ఒకావిడ "పిల్ల మరీ బక్కగా, ఛాతీ లేకుండా ఉంది" అనడం మా అమ్మ చెవిన పడింది. అప్పటి నుంచి నాకు రేపు పిల్లలు పుడితే పాలు పడవేమోనని అమ్మకు బెంగ. మా పిన్ని చెప్పగా ఆన్‌లైన్‌లో 3,499 రూపాయలు పెట్టి మూడు నెలల మూలికా మాత్రల కోర్సు తెప్పించుకున్నాను. శతావరి, మెంతులు, సోంపు, అతిమధురం, అశ్వగంధ, సా పామెట్టో, ప్యూరేరియా మిరిఫికా ఉన్నాయని సీసా మీద రాసి ఉంది. ఆరు వారాలుగా వేసుకుంటున్నాను. రొమ్ములు కొంచెం బరువుగా, నొప్పిగా అనిపిస్తున్నాయి. నెలసరి పది రోజులు ఆలస్యమైంది, ఆ తర్వాత మధ్యమధ్యలో మరకలు కనిపిస్తున్నాయి. వాట్సాప్‌లో కంపెనీ సలహాదారును అడిగితే "మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు, మోతాదు రెట్టింపు చేయండి" అన్నారు. చేయమంటారా? ఈ మాత్రలతో నిజంగా ఫలితం ఉంటుందా?

సమాధానం: మోతాదు రెట్టింపు చేయవద్దు. మాత్రలను ఈ రోజే ఆపివేయండి. క్రమంగా తగ్గించుకుంటూ రావలసిన అవసరం కూడా లేదు. మిగిలిన మాత్రలను, సీసాను, బిల్లును మాత్రం పారవేయకుండా దాచి ఉంచండి. వాటితో పని ఉంది.

మీ లేఖలో మీరు రొమ్ముల గురించి ఎక్కువగా, నెలసరి గురించి తక్కువగా రాశారు. వైద్యురాలిగా నాకు ముందుగా కనిపించింది నెలసరి సంగతే. ఇంతవరకు సక్రమంగా వస్తున్న నెలసరి మాత్రలు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో తప్పడం, ఆ తర్వాత మరకలు కనిపించడం, రొమ్ములు సలపడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఆ సీసాలో ఉన్నది మీ హార్మోన్ల వ్యవస్థలో జోక్యం చేసుకుంటూ ఉండవచ్చు. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తని మీకు చెప్పిన వ్యక్తి తెలిసో తెలియకో ఒక సగం నిజం చెప్పారు. పనిచేస్తున్న మాట నిజమే కావచ్చు, కానీ అది పనిచేస్తున్న చోటు మీ గర్భాశయం. మీరు కోరుకున్న మార్పు మాత్రం దానివల్ల రాదు. ఎందుకు రాదో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క సీసా మానేసినా రేపు మరో పేరుతో మరో సీసా మీ ముందుకు వస్తుంది.

రొమ్ములో ఉండేవి పాలగ్రంథులు, పాలనాళాలు, కొవ్వు, వీటిని పట్టి ఉంచే బంధక కణజాలం. రొమ్ములో కండరం ఉండదు. కండరం దాని వెనుక, పక్కటెముకలను ఆనుకుని ఉంటుంది. యుక్తవయసు మొదలయ్యే వేళ, అంటే సాధారణంగా 8 నుంచి 13 ఏళ్ల మధ్య, అండాశయాలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్‌ను తయారుచేయడం మొదలుపెట్టాక పాలనాళాలు పెరిగి కొమ్మలు వేస్తాయి, చుట్టూ కొవ్వు చేరుతుంది. తరువాత ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ తోడై గ్రంథుల భాగం రూపుదిద్దుకుంటుంది. ఈ పని చాలామందిలో నాలుగైదేళ్లలో పూర్తవుతుంది. చివరికి ఎంత పరిమాణానికి వచ్చి ఆగుతుందన్నది ప్రధానంగా వంశపారంపర్యం మీద, కొంతవరకు శరీర బరువు మీద ఆధారపడుతుంది. రక్తంలో ఈస్ట్రోజెన్ ఎంత ఎక్కువ ఉంటే రొమ్ము అంత పెద్దదవుతుందన్న లెక్క ఏదీ లేదు. నెలసరి సక్రమంగా వచ్చే సన్నని అమ్మాయిలోనూ, ఆమె పక్కనే ఉన్న బొద్దుగా ఉన్న స్నేహితురాలిలోనూ హార్మోన్లు ఒకే స్థాయిలో ఉండవచ్చు. కాబట్టి ఎదుగుదల పూర్తయిన 23 ఏళ్ల వయసులో బయటి నుంచి కాస్త ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాన్ని చేర్చి రొమ్మును మళ్లీ పెంచవచ్చన్న ఊహకు పునాదే లేదు.

ఇక సీసా మీద రాసిన పేర్లను చూద్దాం.

శతావరి, మెంతులు, సోంపు మన ఇళ్లకు కొత్తవి కావు. శతావరిని మన పల్లెల్లో పిల్లిపీచర అంటారు. బాలింతలకు పాలు పడటానికి దాని వేరును వాడటం ఆయుర్వేదంలో ఎప్పటి నుంచో ఉంది. పాలసొర పుట్టు, వెల్లుల్లి కారం, మెంతికూర కూడా బాలింత పథ్యంలో మన పెద్దలు పెట్టేవే. అమ్మకందారు ఈ సంప్రదాయాన్ని పట్టుకుని చాకచక్యంగా ఒక అడుగు పక్కకు జరుపుతున్నాడు: పాలు పెంచేది గనుక రొమ్మును కూడా పెంచుతుందని మీరే అనుకునేలా చేస్తున్నాడు. బాలింతకు రొమ్ములు నిండుగా ఉండటానికి కారణం ఆ దినుసులు కావు. తొమ్మిది నెలల గర్భంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, ప్రొలాక్టిన్ భారీ స్థాయిలో విడుదలై పాలగ్రంథులను తయారుచేసి పెడతాయి, ప్రసవం తర్వాత వాటిలో పాలు చేరతాయి. గర్భం ధరించని స్త్రీలో ఆ ఏర్పాటే జరగలేదు. పైగా బాలింతల్లో సైతం మెంతుల వల్ల పాలు ఎంతవరకు పెరుగుతాయన్న విషయంలో పరిశోధనల ఆధారం బలహీనంగానే ఉంది.

మెంతుల్లో డయోస్జెనిన్ అనే పదార్థం ఉందని, అది హార్మోన్‌గా మారుతుందని కూడా ఇటువంటి ప్రకటనల్లో రాస్తుంటారు. 1940లలో రసెల్ మార్కర్ అనే రసాయన శాస్త్రవేత్త మెక్సికోలో దొరికే అడవి దుంపలలోని డయోస్జెనిన్ నుంచి ప్రొజెస్టెరాన్‌ను తయారుచేసిన మాట వాస్తవమే, అయితే ఆ మార్పు జరిగింది ప్రయోగశాలలో. మన శరీరంలో ఆ మార్పు చేయగల ఎంజైములు లేవు. మెంతులు పోపులో, పచ్చడిలో, పులుసులో పడితే ఏ ఇబ్బందీ లేదు. గాఢ సారంగా మాత్రల్లో రోజూ తీసుకున్నప్పుడు మాత్రం అవి రక్తంలో చక్కెరను తగ్గించగలవు, రక్తం గడ్డకట్టకుండా వాడే మందులతో కలిస్తే రక్తస్రావం ముప్పును పెంచగలవు. భోజనం తర్వాత నమిలే సోంపు వేరు, దాని సారాన్ని నెలల తరబడి మింగడం వేరు.

అతిమధురంలోని గ్లిసరైజిన్ శరీరంలో ఉప్పును, నీటిని నిలుపుతుంది, పొటాషియంను తగ్గిస్తుంది, రక్తపోటును పెంచుతుంది. ఒళ్లంతా కాస్త ఉబ్బినట్లుండి, అందులో రొమ్ములు కూడా నిండినట్లు అనిపిస్తే అది ఎదుగుదల కాదు, నీరు.

అశ్వగంధ విషయంలో మీరు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. అది థైరాయిడ్ హార్మోన్ల స్థాయిని పెంచగలదు. మీరు ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు గనుక మీ మోతాదు లెక్క తప్పి ఉండవచ్చు. థైరాయిడ్ అటూ ఇటూ అయినా నెలసరి తప్పుతుందన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు మన దేశంతో సహా పలు దేశాల వైద్యులు నమోదు చేశారు. అలా జరిగేది అరుదుగానే, కానీ మూత్రం ముదురు పసుపు రంగులోకి మారడం, ఒళ్లంతా దురద, కళ్లు పచ్చబడటం వంటివి కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

సా పామెట్టో పురుషుల ప్రోస్టేట్ సమస్యకు వాడుతూ వచ్చిన ఒక తాటిజాతి మొక్క పండు. రొమ్ములను పెంచుతుందనడానికి ఏ ఆధారమూ లేదు.

చివరగా ప్యూరేరియా మిరిఫికా. థాయిలాండ్‌లో పెరిగే ఈ తీగ దుంపలో మైరోఎస్ట్రాల్ వంటి పదార్థాలు ఉంటాయి. మొక్కల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ లాంటి పదార్థాలు సాధారణంగా మన అండాశయాలు తయారుచేసే ఎస్ట్రడయాల్ కన్నా వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు బలహీనంగా ఉంటాయి. మైరోఎస్ట్రాల్, దాని బంధువు డీఆక్సీమైరోఎస్ట్రాల్ మాత్రం వాటిలో బలమైనవి. జపాన్‌లో ఈ దుంపతో చేసిన మాత్రలను సరిగ్గా మీకు చెప్పిన ఆశతోనే యువతులు కొన్నారు. 2017లో అక్కడి జాతీయ వినియోగదారుల వ్యవహారాల కేంద్రం ప్రజలను బహిరంగంగా హెచ్చరించవలసి వచ్చింది. అంతకు ముందు అయిదేళ్లలో ఈ మాత్రల మీద రెండు వందలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనవి నెలసరి తప్పడం, మధ్యలో రక్తస్రావం కావడం. మీ లేఖ చదివినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చింది ఆ హెచ్చరికే.

ఈ మాత్రల అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ దినుసులు హార్మోన్‌లా పనిచేయనంత బలహీనమైనవైతే రొమ్ములో ఏ మార్పూ రాదు, డబ్బు పోతుంది. పనిచేసేంత బలమైనవైతే అవి రొమ్మును వెతుక్కుంటూ వెళ్లి అక్కడ మాత్రమే పనిచేసి ఊరుకోవు, ఎందుకంటే ఈస్ట్రోజెన్‌ను గుర్తించే గ్రాహకాలు గర్భాశయంలో, కాలేయంలో, ఎముకల్లో, మెదడులో కూడా ఉన్నాయి. ప్రొజెస్టెరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ప్రభావం చాలాకాలం కొనసాగితే గర్భాశయపు లోపలి పొర అవసరానికి మించి మందంగా పెరుగుతుంది, దానివల్ల క్రమం తప్పిన రక్తస్రావం వస్తుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు, తల్లికో అక్కకో ఆ వ్యాధి ఉన్నవారు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టినవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఇటువంటి మాత్రల జోలికి అసలే పోకూడదు.

అలాగైతే ఫలితం కనిపించిందని అంతమంది ఎలా రాస్తున్నారని మీరు అడగవచ్చు. అందరూ అబద్ధమే రాస్తున్నారని నేను అనను. నెలసరికి ముందు వారం పది రోజుల్లో స్త్రీ రొమ్ములు సహజంగానే కొంత ఉబ్బుతాయి, నెలసరి అయ్యాక తగ్గుతాయి. నెలసరి ముగిసిన నాలుగో రోజున టేపుతో కొలుచుకుని మాత్రలు మొదలుపెట్టి, మూడో వారంలో మళ్లీ కొలుచుకున్న అమ్మాయికి తేడా కనబడక మానదు. ఆ తేడా మాత్రలు వేసుకోకపోయినా వచ్చేదే. కొందరికి ఆకలి పెరిగి రెండు మూడు కిలోల బరువు పెరిగితే ఆ కొవ్వులో కొంత రొమ్ములకు చేరుతుంది. ఇక ప్రకటనల్లోని ముందు, తర్వాత ఫొటోల్లో వెలుతురు, నిలబడే తీరు, లోదుస్తులు మారి ఉండటం మీరే గమనించవచ్చు. అమెరికాలో ఏడ్రియన్ ఫ్యూ-బెర్మన్ అనే వైద్యురాలు ఈ రకం మూలికా ఉత్పత్తులను పరిశీలించి 2003లో ఒక ప్రసూతి వైద్య పత్రికలో వ్యాసం ప్రచురించారు. వాటి ప్రభావాన్ని నిరూపించే క్లినికల్ పరీక్ష ఒక్కటీ ఆమెకు దొరకలేదు. ఆ తర్వాత కూడా ఏ మూలికా రొమ్ము పరిమాణాన్ని పెంచుతుందని వైద్యలోకం అంగీకరించలేదు.

సీసా మీద రాసినవన్నీ, రాసినవి మాత్రమే అందులో ఉన్నాయని కూడా అనుకోకండి. బోస్టన్‌లోని రాబర్ట్ సేపర్ బృందం ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో ఫలితాలు వెల్లడించింది. భారత్‌లో తయారైనవి, అమెరికాలో తయారైనవి కలిపి వాటిలో దాదాపు ఐదింట ఒక వంతులో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉంది. సీసా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, దాని పక్కన 14 అంకెల సంఖ్య ఉన్నాయని మీకు ధైర్యం కలిగి ఉంటుంది. తయారీదారు ఆహార వ్యాపారిగా అనుమతి తీసుకున్నాడని మాత్రమే ఆ సంఖ్య తెలుపుతుంది, ఆ మాత్ర ఫలితమిస్తుందని ప్రభుత్వం పరీక్షించి చెప్పినట్లు కాదు.

చట్టం ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఉందో చాలామందికి తెలియదు. అభ్యంతరకరమైన మందుల ప్రకటనలను, మహిమ గల చికిత్సల ప్రచారాన్ని నిషేధిస్తూ 1954లో కేంద్రం చేసిన చట్టం ఒక జాబితాను జతపరిచింది. ఆ జాబితాలోని వ్యాధులను, శరీర స్థితులను నయం చేస్తామని గాని మారుస్తామని గాని ఏ మందునూ ప్రచారం చేయరాదు. మధుమేహం, క్యాన్సర్ వంటి వాటితో పాటు స్త్రీల వక్షోజాల ఆకృతి, నిర్మాణం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంటే మీకు ఆ సీసాను అమ్మిన ప్రకటన అరవై ఏళ్లకు పైగా ఈ దేశంలో నిషిద్ధమైన కోవకు చెందినది. ఇది ఆయుర్వేదానికి వ్యతిరేకంగా చెబుతున్న మాట కాదని దయచేసి గమనించండి. మీకు ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే అమీర్‌పేట నుంచి మెట్రోలో కొద్ది స్టేషన్ల దూరంలోనే ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. చదువుకున్న వైద్యుడు ముందు మీ నాడి, మీ నెలసరి చరిత్ర, మీరు వాడుతున్న మందులు తెలుసుకుంటాడు. వాట్సాప్‌లో మోతాదు రెట్టింపు చేయమన్న మనిషి మీకు థైరాయిడ్ ఉందా అని కూడా అడగలేదు.

ఇప్పుడు మీరు చేయవలసిన పనులు. ఈ వారంలోనే ఒక స్త్రీ వైద్య నిపుణురాలిని కలవండి. గాంధీ ఆసుపత్రి, పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులలోనైనా, మీకు అందుబాటులో ఉన్న మరో చోటనైనా సరే, సీసాను వెంట తీసుకెళ్లి చూపండి. మూలికలే కదా, చెప్పనవసరం లేదని దాచకండి. నెలసరి తప్పిన ప్రతి స్త్రీకి వైద్యులు ముందుగా గర్భ పరీక్ష చేయిస్తారు. అది నియమమే తప్ప మీ మీద అనుమానం కాదు, కాబట్టి నొచ్చుకోవద్దు. దానితో పాటు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరును తెలిపే రక్తపరీక్ష), ప్రొలాక్టిన్, హిమోగ్లోబిన్, కాలేయ పరీక్షలు, పొటాషియం, రక్తపోటు చూడటం అవసరం. మాత్రలు ఆపిన తర్వాత ఒకటి రెండు నెలల్లో నెలసరి దారిలో పడే అవకాశం ఎక్కువ. పడకపోతే పొత్తికడుపు స్కానింగ్ చేయించాలి. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావమైనా, ఒక కాలు ఉన్నట్టుండి వాచి నొప్పి పెట్టినా, ఊపిరి అందకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి. మీ థైరాయిడ్ మాత్రను మాత్రం యథావిధిగా పరగడుపున వేసుకుంటూ ఉండండి, దాని మోతాదు మార్చవలసి ఉంటే ఆ నిర్ణయం టీఎస్‌హెచ్ చూసిన వైద్యులది.

రొమ్ములు నిజంగానే వైద్యపరంగా పరిశీలించవలసినంతగా ఎదగని సందర్భాలు కొన్ని ఉంటాయి. 13 ఏళ్లు దాటినా రొమ్ముల ఎదుగుదల మొదలు కాకపోవడం, 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోవడం, ఒక వైపు ఎదిగి మరో వైపు దాదాపు ఎదగకపోవడం, ఇంతకుముందు బాగున్నవి బరువు తగ్గకుండానే చిన్నవి కావడం, పాలలాంటి స్రావం రావడం, ఇవి అటువంటివి. మీరు ఇవేవీ రాయలేదు. రజస్వల వేళకే అయ్యారని, ఈ మాత్రల ముందు వరకు నెలసరి బాగానే ఉందని మీ మాటలను బట్టి అనుకుంటున్నాను. అంటే మీ రొమ్ములు చిన్నవి, అంతే. వాటికి జబ్బు లేదు.

మీ బరువు గురించి మాత్రం మాట్లాడాలి. 157 సెంటీమీటర్ల ఎత్తుకు 42 కిలోలంటే మీ బీఎంఐ 17 దగ్గర ఉంది. 18.5 కన్నా తక్కువ ఉండటం ఆరోగ్యకరం కాదు. ఆ స్థాయికి చేరాలంటే మీరు కనీసం 46 కిలోలు ఉండాలి. పెళ్లిచూపుల కోసం కాదు, మీ ఎముకల కోసం, మీ రక్తం కోసం, మీ నెలసరి కోసం బరువు పెరగమని చెబుతున్నాను. పెరిగిన బరువులో కొంత రొమ్ములకు చేరవచ్చు, ఎంత చేరుతుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. హాస్టల్ భోజనం సంగతి నాకు తెలుసు: పొద్దున షిఫ్ట్ తొందరలో టిఫిన్ మానేయడం, మధ్యాహ్నం పలుచని పప్పుతో అన్నం, రాత్రి ఆలస్యంగా వచ్చి చల్లారినది తినడం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం 55 కిలోల మహిళకు రోజుకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటాయి, ఒక గిన్నెడు గట్టి పప్పులో ఇంచుమించు అంతే ఉంటాయి. రోజూ రెండు గుడ్లు, రెండు పూటలా పప్పు, పెరుగు, గుప్పెడు వేరుసెనగలు, సాయంత్రం ఉడికించిన సెనగలు హాస్టల్లో ఉన్నా అసాధ్యం కాదు. ఆ 3,499 రూపాయలతో ఎన్ని నెలల గుడ్లు వచ్చేవో లెక్క వేసి చూడండి. బరువు పెంచే పౌడర్లు, మాత్రల వైపు మాత్రం వెళ్లకండి. వాటిలో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలు ఉన్నాయి.

వ్యాయామం గురించి కూడా అడుగుతారు గనుక చెబుతున్నాను. పుష్‌అప్‌ల వంటివి రొమ్ము వెనుక ఉన్న కండరాన్ని బలపరుస్తాయి, భుజాలు వంచి నడిచే అలవాటు పోతుంది, దానితో ఛాతీ కొంచెం నిండుగా కనిపిస్తుంది. రొమ్ము పరిమాణం మారదు. రుద్దుకునే క్రీములు, నూనెలు, పంపుల గురించి రాయడానికి అంతకు మించి ఏమీ లేదు, అవి దండగ.

ఒక చిన్న విషయం చాలామందికి ఉపయోగపడుతుంది. సన్నని అమ్మాయిలు ఎక్కువమంది తప్పు సైజు బ్రా వేసుకుంటారు. సుల్తాన్ బజార్‌లో గాని, జనరల్ బజార్‌లో గాని చాలా దుకాణాల్లో 32 నుంచే చూపిస్తారు. మీ రొమ్ము కింది చుట్టుకొలత 28 అంగుళాలై, నిండుగా ఉన్న చోట 31 ఉంటే మీ అసలు సైజు 28 సీ. అది దొరకనప్పుడు 30 బీ సరిపోతుంది. దానికి బదులు 32 బీ ఇస్తే పట్టీ వదులై, కప్పు ఖాళీగా మడతపడి, లోపం మీ శరీరంలో ఉందని అనిపిస్తుంది. టేపుతో రెండు చోట్లా కొలుచుకుని, ఆ రెండు సంఖ్యల తేడా అంగుళమైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ అని చూసుకోండి. మెత్తని ప్యాడ్ ఉన్నవి వేసుకోవడంలో తప్పేమీ లేదు.

పరిమాణాన్ని నిజంగా మార్చగలిగేది శస్త్రచికిత్స ఒక్కటే, అంటే సిలికాన్ ఇంప్లాంట్లు గాని, ఒంట్లోని కొవ్వును తీసి ఎక్కించడం గాని. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు, మళ్లీ ఆపరేషన్ అవసరం పడవచ్చు. లింఫోమా అనే క్యాన్సర్‌లో అరుదైన ఒక రకం వచ్చే ముప్పు ఉన్నందువల్ల అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021 నుంచి వాటి మీద తీవ్రస్థాయి హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఈ బరువుతో, ఈ మనఃస్థితితో, ఒక అపరిచితురాలి మాటకు జవాబుగా మీరు ఆ నిర్ణయం తీసుకోవడం నాకు ఇష్టం లేదు. కొన్నేళ్ల తర్వాత మీకు మీరుగా కావాలనుకుంటే అర్హత గల ప్లాస్టిక్ సర్జన్‌ను కలవవచ్చు. బ్యూటీ పార్లర్లలో, అనుమతి లేని క్లినిక్‌లలో ఇంజెక్షన్లతో ఫిల్లర్లు ఎక్కిస్తామంటే మాత్రం ఏ వయసులోనూ ఒప్పుకోకండి.

మీ అమ్మగారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి. అమ్మా, పాలు తయారయ్యేది గ్రంథుల్లో. రొమ్ము పెద్దగా కనిపించడానికి ఎక్కువగా కారణమయ్యేది కొవ్వు. చిన్న రొమ్ములున్న తల్లులు పిల్లలకు కడుపు నిండా పాలివ్వడం మేము ప్రసూతి వార్డుల్లో రోజూ చూస్తాం. బిడ్డ ఎంత తరచుగా, ఎంత సరిగా పట్టుకుని తాగితే పాలు అంతగా ఊరతాయి. పుట్టిన గంటలోపు పట్టించడం, అడిగినప్పుడల్లా పట్టించడం పాలకు కావలసినవి. మీ అమ్మాయి విషయంలో మీరు బెంగపడవలసింది ఆమె బరువు గురించి. ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు నాలుగు ముద్దలు ఎక్కువ పెట్టండి, తిరిగి వెళ్లేటప్పుడు సున్నుండలు కట్టి పంపండి. పెళ్లిచూపులకు వచ్చి ఆడపిల్ల శరీరాన్ని తూకం వేసి మాట్లాడే ఇంటికి ఆమెను ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆలోచించండి.

మీకు ఆ మాట ఎంత గుచ్చుకుందో మీ లేఖలో తెలుస్తోంది. అద్దం ముందు ఎక్కువసేపు గడపడం, స్నేహితురాళ్లతో బయటికి వెళ్లడం మానేయడం, నిద్ర పట్టకపోవడం వంటివి మొదలైతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ఈ ప్రభుత్వ సేవలో డబ్బు కట్టకుండా తెలుగులోనే కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు.

దాచమన్న సీసా విషయం. మాత్రల వల్ల వచ్చిన ఇబ్బందిని జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు మీరే నేరుగా తెలియజేయవచ్చు, మూలికా ఉత్పత్తులైనా నమోదు చేసుకుంటారు. నిషిద్ధ ప్రకటన గురించి తెలంగాణ ఔషధ నియంత్రణ పరిపాలన విభాగానికి ఫిర్యాదు చేయండి, వారి కార్యాలయం మీకు దగ్గరలోనే వెంగళరావు నగర్‌లో ఉంది. డబ్బు వాపసు కోసం 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. బిల్లు, సీసా మీది లేబుల్ ఫొటో, మోతాదు రెట్టింపు చేయమన్న వాట్సాప్ సందేశం స్క్రీన్‌షాట్ మూడూ జతపరచండి. ఆ వ్యక్తి సందేశాన్ని తొలగించే లోపే స్క్రీన్‌షాట్ తీసుకోవడం మంచిది. పరీక్షల రిపోర్టులు వచ్చాక, ముఖ్యంగా టీఎస్‌హెచ్ ఎంత ఉందో తెలిశాక, మళ్లీ రాయండి.